నోరు కట్టుకోవటం కాదు, కుండ మార్చుకోవాలి

గ్రూపులో ఉన్న సుగాలి, యానాది, ఎరుకల, చెంచు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పోస్టు కాస్త పొడుగు. టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. ఆ టీలో చక్కెర సంగతి కూడా కింద ఉంది.

బరువు తగ్గటం అనే మాట ఎత్తగానే మనలో చాలామంది "అది బలిసినోళ్ళ గోల, మనకెందుకు" అంటారు. అందులో కొంత నిజం ఉంది. మన తాతలకి బరువు తగ్గాల్సిన అవసరం రాలేదు, పెరిగేంత తిండే దొరకలేదు. కానీ ఇప్పుడు లెక్క మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది, మగవాళ్ళలో నూటికి 31 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కడుపు నిండుతోంది, ఒళ్ళు పెరుగుతోంది, రక్తం మాత్రం పట్టటం లేదు. ఎక్కువ తిన్నామా తక్కువ తిన్నామా అన్నది సగం ప్రశ్నే. ఏం తిన్నాం అన్నది మిగతా సగం. మూడు పూటలా ఒకటే తింటున్నాం.

నా అభిప్రాయం ముందే ఒక్క ముక్కలో చెప్తా. బరువు తగ్గాలంటే నోరు కట్టుకోవాలి అని అందరూ చెప్తారు. నోరు కట్టుకున్నోడు ఎన్నాళ్ళు కట్టుకుంటాడు? పది రోజులు, మహా అయితే నెల. మార్చాల్సింది కుండలో ఏం ఉడుకుతుందో అది. కుండ మారితే నోటిని కట్టాల్సిన పని లేదు. ఆ కుండ మనం ఒక్కళ్ళం మార్చలేం. ఇల్లు మార్చాలి, రూము మార్చాలి, హాస్టల్ మార్చాలి.

ఇది మనకి ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తా. 2022 నవంబరులో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాశారు. ఆ తర్వాత ఈవెంట్లు ఎప్పుడు జరిగాయి? 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. దాదాపు రెండేళ్ళు! ఈ రెండేళ్ళూ కుర్రాళ్ళు ఏం చేశారు? నరసరావుపేటలోనో గుంటూరులోనో రూముల్లో కూర్చుని పుస్తకాలు చదివారు. పొద్దున తండాలో పొలానికి నడిచిన కాళ్ళు కుర్చీ కింద మడిచి కూర్చున్నాయి. తేదీ వచ్చాక నెల రోజుల ముందు లేచి, అన్నం మానేసి, రాత్రుళ్ళు నీళ్ళు తాగి పడుకుని, 1600 మీటర్ల పరుగుకి పోవాలి. అలా పోతే ఏమవుతుందో గ్రౌండులో చూసినోళ్ళందరికీ తెలుసు. రెండో రౌండుకే కళ్ళు తిరుగుతాయి. ఉద్యోగం మన చేతిలో లేదు, తేదీ మన చేతిలో లేదు. ఏ నెలలో పిలిచినా సిద్ధంగా ఉండే ఒళ్ళు మాత్రం మన చేతిలో ఉంది. నెల రోజుల డైట్‌తో అది రాదు. రోజూ తినే తిండితోనే వస్తుంది.

అసలు ఒళ్ళు ఎందుకు పెరుగుతోంది? మనం తిండిపోతులమై కాదు. మా ధరణికోట చుట్టూ మిరప కోతల సీజన్లో చూడండి. పొద్దున్నే పోయిన అమ్మ పొద్దుగూకేదాకా నడుం వంచి కాయ కోస్తుంది. ఆమె కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ గుట్ట సాయంత్రానికి కరిగిపోతుంది. అదే అమ్మ, అదే చేత్తో, అదే గుట్ట కొడుకు కంచంలో పెడుతుంది. కొడుకు రోజుకి పది గంటలు కూర్చుని గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్నాడు. కంచం ఒకటే, ఒళ్ళు వేసే చాకిరీ వేరు. చదువు మనల్ని పొలం నుంచి కుర్చీ మీదకి తెచ్చింది, మంచిదే. మన కంచం మాత్రం ఇంకా పొలంలోనే ఉంది.

ఈ కంచం ఇలా ఎప్పుడు తయారయింది అనేది కూడా తెలుసుకోవాలి. ధరణికోట పాత పేరు ధాన్యకటకం. శాతవాహనుల రాజధాని. పేరులోనే ధాన్యం ఉంది. కానీ ఆ ధాన్యమంటే మన పలనాడులో తరతరాలుగా జొన్నే. శ్రీనాథుడు పలనాడు వచ్చి, ఇక్కడ ఏ ఇంట చూసినా జొన్నకూడే, సన్నబియ్యం ముఖమే కనపడదని ఎగతాళిగా చాటువులు చెప్పాడని పెద్దలు చెప్పుకుంటారు. ఆయన ఎగతాళి చేసిన జొన్నలు ఇప్పుడు పట్నంలో షుగర్ వచ్చినోళ్ళు వెతుక్కుని మరీ కొంటున్నారు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలారు. కుడికాలవ కింద జొన్న చేలు వరి మళ్ళయ్యాయి, తర్వాత పత్తి, మిరప వచ్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చింది. బొల్లాపల్లి, వెల్దుర్తి మెట్ట తండాలకి సాగర్ నీళ్ళు సరిగా అందనేలేదు గానీ, రేషన్ బియ్యం మాత్రం అందింది. 2013 ఆహార భద్రత చట్టంతో మనిషికి నెలకి ఐదు కిలోలు హక్కయింది, 2023 నుంచి అది ఉచితం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బియ్యాన్ని తిట్టే పోస్టులు నాకు నచ్చవు. అన్నం విషం, అన్నం మానేయండి అనేవాళ్ళు ఆకలి చూసినోళ్ళు కాదు. రేషన్ బియ్యం రాకముందు మన ఇళ్ళల్లో గంజితో, అడవి దుంపలతో, ఒక్కోసారి ఏమీ లేకుండా గడిచిన రోజుల గురించి మీ నాయనమ్మని అడగండి. "మన పూర్వీకులు జొన్నలు తిని నూరేళ్ళు బతికారు" అనే మాట కూడా నేను ఒప్పుకోను. జొన్నలు తిన్నారు నిజమే. కాన్పుల్లో, జ్వరాల్లో, కరువుల్లో చాలామంది ముందే పోయారు, అదీ నిజమే. మన ఇళ్ళల్లో తెల్లన్నం అంటే ఆకలి తీరిందనే ధైర్యం, పండగ, మర్యాద. దాన్ని తీసిపారేయమంటే అమ్మకి కోపం రావటం న్యాయమే.

కానీ బియ్యం వచ్చినప్పుడు కంచంలోంచి ఏం బయటికి పోయిందో కూడా చూడాలి గదా. జొన్న ఒక్కటే పోలేదు. చేలో జొన్నతో పాటు పండే కంది, అలసంద, ఉలవ తగ్గాయి. గట్టు మీద పీక్కొచ్చే గంగవాయిలి కూర, పొన్నగంటి కూర తగ్గాయి. మిరప, పత్తి చేలల్లో మందు కొడతారు, గట్టు మీద ఆకుకూర కోసుకోవాలంటే భయం. రేషన్లో బియ్యం వచ్చినంత గట్టిగా పప్పు రాలేదు. దాంతో కంచం నిండా అన్నం మిగిలింది. పక్కన నీళ్ళచారు, పచ్చడి మిగిలాయి.

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసీలున్నారు. గిలా నది ఒడ్డున మొక్కజొన్న, చిక్కుడు పండించుకుని బతికినోళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన వలసవాళ్ళు నది నీళ్ళు మళ్ళించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. తర్వాత ప్రభుత్వం ఇచ్చిన తెల్లపిండి, కొవ్వు, చక్కెర మీద బతికారు. వాళ్ళ రక్తసంబంధీకులే సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో పాత పద్ధతిలో సేద్యం చేసుకుంటూ ఉన్నారు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో రెండు వైపులా పోల్చి చూశారు. అమెరికా పీమాల్లో పెద్దవాళ్ళలో నూటికి 38 మందికి షుగర్. మెక్సికో పీమాల్లో నూటికి 7 మందికి కూడా లేదు. జాతి ఒకటే, రక్తం ఒకటే. కంచం వేరు, ఒళ్ళు వంచే పని వేరు. "మా ఒంటి తత్వమే ఇంత" అనుకునే ప్రతివాళ్ళూ ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

సరే, మన కంచం ఎలా ఉండాలి? హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024 మేలో భారతీయుల కోసం ఆహార సూచనలు కొత్తగా విడుదల చేసింది. మొత్తం 17 సూచనలు. అందులో ముఖ్యమైనది ఏంటంటే, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలి. మనకి శక్తి ఎక్కువగా బియ్యం, గోధుమల నుంచే వస్తోందని, పప్పు, మాంసం, చేపలు కలిపి నూటికి 14 వంతులు ఇవ్వాల్సింది పోయి 6 నుంచి 9 వంతులే ఇస్తున్నాయని అందులో రాశారు. ఒళ్ళు పెంచుకోవటానికి ప్రొటీన్ పౌడర్లు వద్దని కూడా అదే పుస్తకంలో ఉంది. జిమ్ముల్లో డబ్బాలు అంటగట్టేవాళ్ళు ఈ మాట చెప్పరు.

కాస్త లెక్క చూద్దాం. వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు. మన కంచంలో పూటకి అరకిలో అన్నం సులువుగా ఉంటుంది. అంటే 650 కేలరీలు, ప్రొటీన్ 13 గ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఇప్పుడు ఆ అరకిలోని 300 గ్రాములు చెయ్యండి. రెండు పూటలా కలిపి 520 కేలరీలు తగ్గాయి. తగ్గించిన చోట ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఒక కప్పు గట్టి పప్పో ఉడికించిన ఉలవలో పెట్టండి. సుమారు 200 కేలరీలు కలిశాయి. అంటే కడుపు నిండే ఉంది, రోజుకి 300 కేలరీలు తగ్గాయి. ఆకలి ఎందుకు వెయ్యదు? ప్రొటీన్, పీచు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి. వట్టి అన్నం, చారు తిన్నోడికి నాలుగింటికల్లా బజ్జీల బండి గుర్తొస్తుంది.

ఇప్పుడు టీ సంగతి. రోజుకి నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు, అంటే 40 గ్రాముల చక్కెర, 160 కేలరీలు. పైన చెప్పిన పుస్తకం పైనుంచి వేసుకునే చక్కెర రోజుకి 20, 25 గ్రాములు దాటొద్దంటోంది. టీలు రెండు చెయ్యండి, టీకి ఒక చెంచా చెయ్యండి. ఇంకో 120 కేలరీలు పోయాయి. సాయంత్రం అరగంట గట్టిగా నడవండి. వారానికి పావుకిలో నుంచి అరకిలో దాకా తగ్గుతారు. "అంతేనా?" అంటారు. అంతే. వారానికి అరకిలో తగ్గటమే క్షేమమని, బరువు తగ్గే వాళ్ళయినా రోజుకి వెయ్యి కేలరీలకన్నా తక్కువ తినొద్దని అదే సంస్థ చెప్పింది. ఆరు నెలలు నిలబడితే అదే ఎనిమిది, పది కిలోలు.

మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గానని చెప్పేవాళ్ళ మాట ఏంటి మరి? అబద్ధం కాకపోవచ్చు. అన్నం ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ముందు ఖర్చవుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళు కూడా బయటికి పోతాయి. కాటా మీద ముల్లు దిగుతుంది, కొవ్వు మాత్రం చాలావరకు అక్కడే ఉంటుంది. ఇంకా పస్తులుంటే కండ కూడా కరుగుతుంది. మళ్ళీ మామూలుగా తినగానే నీళ్ళు తిరిగొస్తాయి, కొవ్వు తిరిగొస్తుంది, కండ మాత్రం అంత తొందరగా రాదు. కానిస్టేబుల్ ఈవెంటుకి పోయేవాడికి కావాల్సింది ఆ కండే గదా!

అమరావతి దారిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహాన్ని మనందరం చూసే ఉంటాం. ఆయన కథ గుర్తు తెచ్చుకోండి. ఆరేళ్ళు పస్తులుండి, ఎముకల గూడై, ఇది దారి కాదని తెలుసుకుని సుజాత ఇచ్చిన పాయసం తాగాడు. మధ్యేమార్గం అనే మాట ఆ తర్వాతే వచ్చింది. బుద్ధుడికి పని చెయ్యని పస్తు మనకి పని చేస్తుందా?

ఇంకో ముఖ్యమైన సంగతి. మనలో అందరూ బరువు తగ్గాల్సిన అవసరం లేదు. ముఖ్యంగా చెల్లెళ్ళకి చెప్తున్నా. ఫోన్లో చూసిన నడుములతో పోల్చుకుని, ఉన్న కాస్త తిండీ మానేస్తున్నారు. ఎవరో "లావయ్యావే" అంటే చాలు, రాత్రి అన్నం బంద్. ముందు కొలుచుకోండి. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి. దాన్నే బీఎంఐ అంటారు. మన దేశం వాళ్ళకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. 160 సెంటీమీటర్ల మనిషికి 59 కిలోల దగ్గర 23 వస్తుంది, 64 దగ్గర 25 వస్తుంది. 48 కిలోలుండి బరువు తగ్గాలనుకునే అమ్మాయికి కావాల్సింది డైట్ కాదు. రక్తపరీక్ష చేయించుకుని, హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ మాత్రలు వేసుకోవటం, గుడ్డు, ఆకుకూర తినటం.

బీఎంఐ ఒక్కటే చూసి మురిసిపోవద్దు కూడా. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వేశారు. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు ఇంగ్లండ్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి నూటికి 9 వంతులు, మన యాజ్ఞిక్ గారికి నూటికి 21 వంతులు. సన్నగా కనపడుతూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్ళు మనవి. అందుకని టేపు తీసుకుని నడుం కూడా కొలవండి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. కాళ్ళు చేతులు పుల్లల్లా ఉండి బొజ్జ మాత్రం ముందుకొచ్చిన అన్నలు మన కాలనీల్లో ఎంతమందో. వాళ్ళని ఎవరూ లావని అనరు, వాళ్ళూ అనుకోరు. షుగర్ బయటపడే రోజుదాకా ఎవరికీ అనుమానం రాదు.

ఇక అసలు సంగతికొస్తా, నిలబడే అలవాటు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2009లో ఒక పరిశోధన చేశారు. కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావటానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే పట్టింది, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. కాబట్టి తీజ్ పండక్కి, పెళ్ళికి, సేవాలాల్ జయంతికి కడుపునిండా తినండి. మర్నాడు మళ్ళీ మామూలు కంచానికి రండి. "నిన్న తిన్నాను, ఇక అయిపోయింది" అనుకోవటమే చాలామందిని ముంచుతోంది.

రూముల్లో ఉండేవాళ్ళకి నేను చెప్పేది ఇది. నలుగురున్న రూములో ఒక్కడు డైట్ చేస్తే వారం నిలుస్తుంది, ఎందుకంటే కుక్కర్ ఒకటే. నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. రోజుకి నాలుగు గ్లాసుల బియ్యం పోసేవాళ్ళు మూడు పొయ్యండి. మిగిలిన గ్లాసు స్థానంలో ఒక గ్లాసు ఉలవలో, అలసందలో, శెనగలో రాత్రి పడుకునే ముందు నానబెట్టండి. పళ్ళు తోముకున్నాక నానబెట్టటం అని పెట్టుకుంటే మర్చిపోరు. తినేటప్పుడు ముందు కూర, పప్పు పెట్టుకుని, తర్వాత అన్నం చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకోండి. బజ్జీల టైముకి వేయించిన శెనగలో, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలో గుప్పెడు దగ్గర ఉండాలి. గుప్పెడే సుమా, వేరుశెనగ బలమైందే గానీ వంద గ్రాములకి 560 కేలరీలు పైనే. నూనె ఎవరు వంచుతున్నారో చూసుకోండి, ఒక చెంచా నూనె 45 కేలరీలు. కూల్‌డ్రింక్ చిన్న సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. అదంతా సన్నబియ్యం లాంటి మర్యాద కాదు, దాన్ని మానేస్తే ఎవరూ బాధపడరు.

జొన్నరొట్టె, మన బాటి, తినగలిగితే చాలా మంచిది. కానీ ఒక హెచ్చరిక. జొన్నలకీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. జొన్నల్లో పీచు, ఖనిజాలు ఎక్కువ, నమిలి తినాలి కాబట్టి రెండు రొట్టెలకే కడుపు నిండినట్టుంటుంది. "ఇది మిల్లెట్ కాబట్టి ఎంత తిన్నా పర్లేదు" అని ఆరు రొట్టెలు లాగిస్తే బరువు తగ్గదు. జొన్న మందు కాదు, తిండి.

నది ఒడ్డున ఉండే మన యానాది ఇళ్ళకి ఒక మాట. కృష్ణలో పట్టిన పెద్దచేప అమ్మకానికి పోతుంది, బతుకు కాబట్టి పోవాల్సిందే. పరిగెల్లాంటి చిన్నచేపలు ఇంట్లోకి మిగులుతాయి. అవి పేదోళ్ళ కూర అని చిన్నచూపు చూడొద్దు. ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపల్లో కాల్షియం, ప్రొటీన్ రెండూ ఉన్నాయి. డబ్బాల్లో పౌడర్‌గా అమ్మేది ఏదో మన పొయ్యి మీద పులుసుగా ఉడుకుతోంది. మన తిండి చెప్పుకోవటానికి సిగ్గుపడి, పక్కవాళ్ళ ముందు నూడుల్స్ తినటం గొప్పనుకునే రోజులు పోవాలి.

"డబ్బులెక్కడివి అన్నా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుడ్డు, పప్పు బియ్యంలా ఊరికే రావు. కానీ ఓట్స్, గ్రీన్ టీ, షేక్ డబ్బాలు కొనే డబ్బుతో పోల్చండి. ఒక డబ్బా ఖరీదుకి ఒక మనిషికి నెలకి సరిపడా గుడ్లూ పప్పూ వస్తాయి. రోజుకి రెండు టీలు, ఒక కూల్‌డ్రింక్ మానేసిన డబ్బు గుడ్డు దగ్గరికి మళ్ళించినా చాలు.

ఇంటికి పోయినప్పుడు అమ్మతో ఎలా? వద్దమ్మా అంటే బాధపడుతుంది, "పట్నం పోయి నా కూడు పనికిరాకుండా పోయిందా" అంటుంది. వద్దు అనకండి. ఇంకోటి అడగండి. "యాడీ, అన్నం చాల్లే, పప్పు ఇంకో గరిటె వెయ్యి", "గోంగూర ఇంకాస్త పెట్టు" అనండి. అడిగి పెట్టించుకుంటే ఏ అమ్మకైనా సంతోషమే. పొలం పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న అమ్మానాన్నల కంచం కూడా ఆ వంకతో మెల్లగా మారుతుంది. నిజం చెప్పాలంటే వాళ్ళకే మనకన్నా ముందు అవసరం.

చివరిగా హాస్టళ్ళ సంగతి. 2023 మార్చి నుంచి బడుల్లో పిల్లలకి రాగిజావ మొదలైంది, గుడ్డు అంతకుముందే ఉంది. పది దాటి బయటికి వచ్చాక చాలామంది కంచంలో అన్నం, చారే మిగులుతాయి. హాస్టల్లో ఉండే తమ్ముళ్ళు మెనూ బోర్డు చదవండి. గుడ్డు అని రాసి ఉంటే గుడ్డు రావాలి. పప్పు అని రాసి ఉంటే అది పప్పులా ఉండాలి, పసుపు నీళ్ళలా కాదు. మెస్ కమిటీలో అన్నం ఎక్కువ పెట్టమని కాదు, పప్పు గట్టిగా పెట్టమని అడగండి. వారానికి రెండు రోజులు జొన్న సంకటో రొట్టెనో పెట్టమని అర్జీ ఇవ్వండి. రేషన్లో బియ్యంతో పాటు కందిపప్పు, జొన్నలు నెలనెలా ఇవ్వాలని మన సంఘాలు అడగాలి. ఆకలి తీర్చటానికి ప్రభుత్వం బియ్యం ఇచ్చింది, అది మన పెద్దల హక్కు. రోగం రాకుండా పప్పు, గుడ్డు ఇవ్వాలని అడగటం మన తరం హక్కు. ఒళ్ళు తగ్గించుకోవటం సొంత గొడవ అనుకుంటే ఒక్కొక్కళ్ళం ఓడిపోతాం. కంచం అందరిదీ అనుకుంటే గెలుస్తాం.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీ రూములో బియ్యం గ్లాసులు లెక్కపెట్టి, ఒక గ్లాసు తగ్గించి, ఒక గ్లాసు ఉలవలు నానబెట్టండి. 66 రోజుల తర్వాత నడుం కొలత ఎంతుందో ఇక్కడే చెప్పండి. నేను చెప్పిందాంట్లో ఒప్పుకోనిది ఉంటే అది కూడా రాయండి, మాట్లాడుకుందాం. షుగరో, థైరాయిడో, గర్భమో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా తిండి మార్చకండి.

జై సేవాలాల్. జై భీమ్.